‘పాచిక పారలేదు’: ఇంతకీ పారేదేమిటి?

(మాట్లాడేవాళ్ళను వాళ్ళ పేటల పేర్లతో గుర్తించాం.)

ప్రశ్న (గాజువాక): ‘వాడి పాచిక పారలేదు’ అంటాం. నీరు పారుతుంది, ఏరు పారుతుంది. పాచిక పారడమేటండీ? ‘పడలేదు’ అనాల్సింది వాడుకలో చెడిందా?

సీతమ్మధార: ఏమీ చెడలేదండీ. పాతకాలంలో ఇది బండి ఱతో ‘పాఱు’. పరుగెత్తడం కూడా దాని అర్థమే. పారిపోయినవాడు నీళ్ళలో కొట్టుకుపోలేదు కదా! పారవేయడమూ ఈ కుదురులోదే. పాచిక మాత్రం సంస్కృత ‘పాశకం’ నుంచి వచ్చింది. ‘ద్యూతం’ జూదమైనట్టే.

భీమిలి: వస్తువును చూస్తే క్రియ అర్థమవుతుంది. పాచిక అనగానే ఆరు ముఖాల లూడో గడ్డ తలుచుకుంటున్నాం. పచ్చీసు లాంటి పాత ఆట చౌసరులో పాచిక పొడుగాటి కోల. పలకలు నాలుగే, కొనల మీద నిలబడదు గనక అక్కడ అంకెలుండవు. అక్బరు కాలపు గ్రంథం ఐన్-ఇ-అక్బరీలో చెప్పిన ఈ ఆటకు మూడు పాచికలు, పలకల మీద 1, 2, 5, 6 చుక్కలు. అడ్డంగా వదిలితే గడ్డలా గంతులెయ్యదు, రోకలిలా దొర్లుతుంది. పారడమంటే అదే. కావలసిన పలక పైకొచ్చి ఆగితే పారినట్టు.

చెడేదీ అక్కడే. అంచులు అరిగితే ఆగాల్సిన చోట ఆగక ఇంకో పలక మీదికి ఒరుగుతుంది. కోల చదరంగా లేక బల్లపరుపుగా ఉంటే వెడల్పు పలకల మీదే ఎక్కువసార్లు వాలుతుంది. దొంగ పాచిక చెయ్యడానికి సీసం పొయ్యక్కర్లేదు, ఒక వైపు కాస్త చిత్రిక పడితే చాలు.

ఇంకో తమాషా. మూడు గడ్డలు వేస్తే మొత్తం 10, 11 అన్నిటికంటే ఎక్కువగా పడతాయి. ఈ మూడు కోలలు పడే తీరులు 64. వాటిలో 10కి మూడే, 11కీ మూడే. 8, 9, 12, 13 మాత్రం ఒక్కొక్కటి తొమ్మిదేసి. 18 ఒక్కటంటే ఒక్కటి. పడే మొత్తం ఎంతో పందెం కాసేవాడు గడ్డల అలవాటుతో నడుమ అంకె పట్టుకుంటే మునిగాడన్నమాటే.

మద్దిలపాలెం: మరి ఋగ్వేదంలో జూదరి ఏడ్చిందీ, నలుడు రాజ్యం పోగొట్టుకున్నదీ ఈ కోలలతోనేనా మాస్టారూ?

సీతమ్మధార: కాదు. పదో మండలం 34వ సూక్తంలో ఆడేది విభీతకాలతో, అంటే తానికాయలతో. త్రిఫల చూర్ణంలో కరక్కాయ, ఉసిరికాయల పక్కన ఉండేదే. పూర్ణా మార్కెట్లో మూలికలమ్మే కొట్లో అడిగి ఒకటి చేతిలోకి తీసుకోండి. అంకెలు వెయ్యడానికి చదునైన ముఖమే కనపడదు. అమరకోశం ఆ చెట్టుకు ‘అక్షం’, ‘కలిద్రుమం’ రెండు పేర్లూ ఇచ్చింది.

ఆటంతా లెక్కలో ఉంది. కుప్పలోంచి తీసిన కాయల్ని నాలుగేసి చొప్పున విడదీస్తారు. ఏమీ మిగలకపోతే కృతం, మూడు మిగిలితే త్రేత, రెండైతే ద్వాపరం, ఒకటైతే కలి. యుగాల పేర్లు ఈ పందెపు పేర్లే. నలుడు సారథిగా కొలిచిన రాజు ఋతుపర్ణుడు తాని చెట్టు మీది ఆకులూ కాయలూ చూపుతోనే లెక్కగట్టి ఆ విద్య నలుడికి నేర్పడం ఇలా చూస్తేనే అతుకుతుంది. దొర్లించే ఆటలో ఆ విద్యతో పనేముంది?

భీమిలి: ఒక సవరణ. అంకెల గడ్డలు అంతకుముందు లేవనుకోకండి. మొహెంజొదారోలో దొరికాయి. మనవాటిలో ఎదురెదురు ముఖాలు కలిస్తే 7. వాటిలో 1కి ఎదురు 2, 3కి 4, 5కి 6.

గాజువాక: అయితే శకుని చేతిలోవి?

సీతమ్మధార: సంస్కృత భారతంలో ఉన్న మాట ‘అక్షం’. దాన్ని ‘పాచిక’ అనేసరికి మన కళ్ళకు తర్వాతి ఆట కనిపిస్తోంది. ‘శకుని పాచిక పారింది’ అనడం తెలుగుగా తప్పు కాదు. కానీ ఆ జాతీయాన్ని పట్టుకుని అతని చేతిలో నాలుగు పలకల కోల పెట్టకూడదు.