గేదెల కొట్టానికి రేకు: 0.40నా, 0.50నా?

ప్రశ్న: మాది గుంటూరు దగ్గర తాడికొండ. గేదెల కొట్టానికి 0.40 ఎంఎం కలర్ రేకు చాలంటాడు మేస్త్రీ. నాన్న 0.50 అంటున్నారు. తుఫాను గాలికి ఆగుతుందా అని టెన్షన్‌గా ఉంది. ఎండకు గేదెలు రొప్పకూడదు కూడా.

జవాబు: 0.50 వేయండి అన్నా. కొట్లో చెప్పే మందంలో ఒక్కోసారి పూత, రంగు కూడా కలిపేస్తారు, అసలు ఉక్కు ఎంతో బిల్లు మీద రాయించుకోండి. కట్టడాలు ఎంత బరువు, గాలి తట్టుకోవాలో చెప్పే భారత ప్రమాణం ఐఎస్ 875లో, మీకు దగ్గరున్న విజయవాడకు లెక్కలోకి తీసుకోవాల్సిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. రేకు ముందు లేచేది చూరు దగ్గరే. అక్కడ పర్లిన్లు (రేకు కింద అడ్డంగా వేసే కమ్మీలు) దగ్గరగా వేయించి, స్క్రూలు ఎక్కువ కొట్టించండి. రబ్బరు వాషర్ పిండిపోయేలా బిగిస్తే పగిలి కారుతుంది.

ఇంకో జవాబు: మందంతో వేడి తగ్గదండీ. ఎత్తు పెంచి, నడికొప్పున గాలి పోయే సందు వదలండి. మూత్రం ఆవిరికి రేకు లోపలి వైపు తుప్పు పట్టేదీ గాలి ఆడకే.

ప్రశ్న అడిగినవారు: సరే, 0.50కే చెప్తాను. సందు సంగతి రేపే మేస్త్రీతో మాట్లాడతా.