యూరప్ రైలు ట్రిప్: 9 రాత్రుల్లో 5 ఊర్లు ఎక్కువా?

కొర్లగుంట కుర్రోడు:
అందరికీ నమస్తే. దసరా సెలవులకు యూరప్ వెళ్దామని ఇంట్లో తీర్మానం అయిపోయింది. నేను, మా ఆవిడ, 8 ఏళ్ళ పాప, 67 ఏళ్ళ నాన్న. తిరుపతి నుంచి చెన్నై వెళ్ళి అక్కడ ఫ్లైట్ ఎక్కుతాం. చేతిలో 9 రాత్రులు. ప్యారిస్ 2, స్విట్జర్లాండ్‌లో ఇంటర్‌లాకెన్ 2, మిలాన్ 1, వెనిస్ 1, రోమ్ 3. ఊరికీ ఊరికీ మధ్య అంతా రైలే. ఆఫీసులో ఒకాయన ఈ కాగితం చూసి "ట్రిప్పా, డ్యూటీయా?" అని నవ్వాడు. మా ఆవిడా ఆయన పక్షమే. నిజంగా అంత ఎక్కువా? ఇంకోటి, యూరైల్ పాస్ (చాలా దేశాల రైళ్ళకు ఒకే పాస్) కొనాలా, విడి టికెట్లా?

చిత్తూరు టీచరమ్మ:
ఎక్కువే తమ్ముడూ. రైలు టైమ్ చూసి మోసపోవద్దు. ప్యారిస్ నుంచి బాసెల్‌లో మారి ఇంటర్‌లాకెన్‌కు 5 గంటల పైమాటే. అక్కడి నుంచి మిలాన్ మూడు, మూడున్నర. మిలాన్ నుంచి వెనిస్ రెండున్నర. వెనిస్ నుంచి రోమ్ దాదాపు 4. కూడితే పదిహేను గంటలు, ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఊరు మారిన ప్రతిసారీ పొద్దున్నే సూట్‌కేసులు సర్దాలి, పదకొండుకు గది ఖాళీ చేయాలి, కొత్త ఊళ్ళో మూడు దాకా గది ఇవ్వరు. ఇవి ఏ టైమ్‌టేబుల్‌లోనూ కనపడవు. మేము వెళ్ళినప్పుడు ఒక ఊళ్ళో మా అత్తమ్మను హోటల్ మెట్ల మీద రెండు గంటలు కూర్చోబెట్టాం. ఆమె ఇప్పటికీ దాన్ని "మెట్ల ఊరు" అనే అంటుంది, అసలు పేరు గుర్తే లేదు.

మదనపల్లె టు బెంగళూరు:
మేడమ్ చెప్పింది పెద్దవాళ్ళ సంగతి వరకు సరే. కానీ అక్కడ రైలెక్కడమే సగం ట్రిప్ కదా! ఎయిర్‌పోర్ట్ లాగా ఊరి బయటికి పోనక్కర్లేదు, స్టేషన్ ఊరి నడిబొడ్డునే ఉంటుంది. ఇంటర్‌లాకెన్ నుంచి ఇటలీ వైపు దిగే దారిలో కొండలు, సొరంగాలు, సరస్సులు. కిటికీ పక్కన కూర్చుంటే చాలు. టైమ్ మిగలాలంటే ప్యారిస్ నుంచి రాత్రి బండి ఎక్కి పొద్దునకల్లా వెనిస్‌లో దిగొచ్చు. ఒక హోటల్ రాత్రి మిగులుతుంది.

చిత్తూరు టీచరమ్మ:
ఆ ప్యారిస్ - వెనిస్ రాత్రి బండి 2020లోనే ఆగిపోయింది నాయనా. పాత వీడియోలు చూసి చెప్పినట్టున్నావు.
తమ్ముడూ, మనకు వేరే ఉదాహరణ ఎందుకు? మన ఊరికొచ్చే టెంపోలు చూడు. తెల్లారుజామున తిరుమల, అటునుంచి కాళహస్తి, మధ్యాహ్నం కాణిపాకం, సాయంత్రం వేలూరు దగ్గర బంగారు గుడి. మా బడి ముందు టీ తాగడానికి ఆగినప్పుడు చూస్తుంటాను, సగం మంది సీట్లోనే నోరు తెరిచి నిద్రపోతుంటారు. రేపు వెనిస్‌లో మీ నాన్నగారిదీ అదే గతి.

అలిపిరి మెట్లు:
అక్కా, ఆ టెంపోవాళ్ళను అలా తీసిపారేయొద్దు. ఎక్కడో విదర్భ నుంచి, ఒడిశా నుంచి అప్పు చేసి వస్తారు. మళ్ళీ వస్తామో రామో అని నాలుగు గుళ్ళూ చూసుకుని పోతారు. ఇంటికెళ్ళాక నిద్రపోయిన సంగతి చెప్పరు, చూసిన గుడి గురించే చెబుతారు. ఈయనకూ అంతే కదా. వీసా ఫీజే పెద్దవాళ్ళకు 90 యూరోలు, పాపకు 45. నలుగురికీ 315 యూరోలు, ఆ పైన సెంటర్ వాళ్ళ సర్వీస్ చార్జీ. ఇంత పెట్టి వెళ్ళి రెండు ఊర్లు చూసి రావాలా?
నేనైతే ఊర్లు తగ్గించను, రాత్రులు సర్దుతాను. మిలాన్‌లో పడుకోవడం దేనికి? స్టేషన్‌లోనే డబ్బు కట్టి లగేజీ పెట్టి, మెట్రో పసుపు లైన్ ఎక్కితే పది నిమిషాల్లో పెద్ద చర్చి ముందు దిగుతారు. చూసి, పిజ్జా తిని, సాయంత్రం బండికి వెనిస్. ఒక చెక్-ఇన్ తప్పుతుంది. ఫ్లైట్ మాత్రం ప్యారిస్‌లో దిగేలా, తిరుగు ప్రయాణం ఇటలీ నుంచి ఉండేలా మల్టీ సిటీ టికెట్ కొను. చాలామంది రానూపోనూ ప్యారిస్‌కే కొనేసి, చివరి రోజంతా వెనక్కి ప్రయాణంలోనే పోగొట్టుకుంటారు.

రేణిగుంట రిటైర్డ్:
నేను రైల్వేలో చేసి రిటైర్ అయినోణ్ణి. పోయినేడు మా అబ్బాయి తీసుకెళ్ళాడు. ఎన్ని ఊర్లు అనేది మీరూ మీరూ తేల్చుకోండి, స్టేషన్ల సంగతి నేను చెప్తా.
వెనిస్‌కు రెండు స్టేషన్లు. మెస్త్రే గట్టు మీద, సాంతా లూచియా నీళ్ళ మధ్య దీవిలో. అర్థమయ్యేలా చెప్పాలంటే ఒకటి రేణిగుంట, ఇంకోటి తిరుపతి. మెస్త్రేలో హోటల్ చవక, పది నిమిషాల బండి ప్రయాణం. మనవాళ్ళు పేరు చూసుకోకుండా బుక్ చేసి, దిగాక కాలువలేవని వెతుకుతారు. దీవిలోనే ఉంటామంటే మాత్రం వంతెన వంతెనకూ మెట్లే, సూట్‌కేసు మోయాల్సిందే. మన చెన్నైలో సెంట్రల్, ఎగ్మోర్ ఉన్నట్టు ప్యారిస్‌లోనూ చాలా స్టేషన్లు. బాసెల్ బండి గార్ ద లియోన్‌లో ఎక్కాలి. బండి కదలడానికి 2 నిమిషాల ముందే తలుపులు పడిపోతాయి. కదిలే బండి పట్టుకుని ఎక్కే మన విద్యలు అక్కడ పనికిరావు.
ఇటలీలో ప్యాసింజర్ లాంటి బండ్లకు కాగితం టికెట్ కొంటే ఎక్కేముందు మిషన్‌లో పెట్టి ముద్ర వేయించుకోవాలి. టికెట్ జేబులో పెట్టుకుని జరిమానా కట్టింది నేనే. నలభై ఏళ్ళు రైల్వేలో చేసి ఆ రోజు టీసీ ముందు తలొంచుకున్నా.
ఇంటర్‌లాకెన్ నుంచి బండ్లు మారి పోతే యుంగ్‌ఫ్రౌయోక్ అనే మంచు కనుమకు పళ్ళ చక్రం బండి ఉంది, 1912 నాటిది, 3,454 మీటర్ల ఎత్తు దాకా పోతుంది. ఏ పాస్ ఉన్నా పైదాకా ఉచితం కాదు, తగ్గింపే. ఖర్చెక్కువ, అయినా మానొద్దు. మన ఊటీ బండి పాత ఇంజన్లు కూడా స్విట్జర్లాండ్‌లో తయారైనవే తెలుసా?

మదనపల్లె టు బెంగళూరు:
రాత్రి బండి విషయంలో తప్పు నాదే, ఒప్పుకుంటున్నా. పాస్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. తేదీలు ఖాయమైతే పాస్ వద్దన్నా. ప్యారిస్ నుంచి స్విస్ వెళ్ళే టీజీవీ అనే స్పీడ్ బండికి, ఇటలీ స్పీడ్ బండ్లకు పాస్ ఉన్నా సీటు రిజర్వేషన్‌కు వేరే కట్టాలి. ఆ నాలుగు ప్రయాణాలకు ముందే టికెట్లు తీసుకుంటే చవక. దగ్గరపడేకొద్దీ ఫ్లైట్ లాగా రేటు పెరుగుతుంది. చవక టికెట్లలో చాలావాటికి డబ్బు వెనక్కి రాదు, కాబట్టి వీసా వచ్చాకే కొను. వెయిటింగ్ లిస్టు, ఆర్‌ఏసీ టెన్షన్ ఉండదు. పాపకు పాస్ అయితే పెద్దవాళ్ళతో ఉచితమే, కానీ ఒక్క దాని కోసం ముగ్గురికి పాస్ కొనడం దండగ.

చిత్తూరు టీచరమ్మ:
నెయ్యి డబ్బా మాత్రం పెట్టుకోవద్దు. మన దగ్గర నుంచి యూరప్‌లోకి మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్ళకూడదు. కందిపొడి, పచ్చడి చాలు.

కొర్లగుంట కుర్రోడు:
అన్నీ చదివి రాత్రి నాన్నకు వినిపించాను. ఆయనది పాకాల. మీటర్ గేజ్ రోజుల్లో జంక్షన్‌లో బండ్లు చూస్తూ పెరిగిన మనిషి. "ఊర్లు ఎన్నయినా పెట్టుకోండి, నన్ను మాత్రం మూడుసార్ల కన్నా ఎక్కువ మంచం మార్చనీయొద్దు. రైల్లో ఎంతసేపైనా కూర్చుంటా" అన్నాడు. అదీ న్యాయమే అనిపించింది. రోమ్ తీసేశాను. మిలాన్ దారిలో చూసేదే, 'అలిపిరి మెట్లు' చెప్పినట్టు. ప్యారిస్ 3, ఇంటర్‌లాకెన్ 3, వెనిస్ 3. తిరుగు ఫ్లైట్ వెనిస్ నుంచి. అందరికీ థాంక్స్.

అలిపిరి మెట్లు:
రోమ్ తీసేశావా! సరే, నాన్నగారి మాట. కానీ మూడు దేశాలకూ కలిపి ఒకటే వీసా కదా, అది ఏ దేశానికి వేస్తున్నావు? ఎక్కడ ఎక్కువ రోజులుంటే ఆ దేశానికే వేయాలి. సమానంగా ఉంటే మొదట అడుగుపెట్టే దేశానికి. మీ పాత ప్లాన్‌కు ఇటలీ. ఈ కొత్త దానికి ఫ్రాన్స్.

కొర్లగుంట కుర్రోడు:
అయ్యో. ఇటలీకి చెన్నైలో అపాయింట్‌మెంట్ నిన్ననే దొరికింది. పాపకు వేలిముద్రలు అక్కర్లేదు కానీ మిగతా ముగ్గురం ఆఫీసు, స్కూలు సర్దుకుని ఆ రోజుకు ఒప్పుకున్నాం. అందులో నాన్న మోకాళ్ళ డాక్టర్ అపాయింట్‌మెంట్ కూడా మార్చాం.

చిత్తూరు టీచరమ్మ:
దానికంత కంగారెందుకు? ప్యారిస్‌లో ఒక రాత్రి తగ్గించి వెనిస్‌లో పెంచు. 2, 3, 4. మంచాలు మూడే, వీసా ఇటలీయే.

రేణిగుంట రిటైర్డ్:
నాలుగు రాత్రులంటే మెస్త్రేలో తీసుకో. మీ నాన్నకు కిటికీలోంచి యార్డ్ కనపడే గది అడుగు.