అప్‌డేట్: పర్లాకిమిడిలో మా పిల్లలకి తెలుగు పుస్తకాలు

మాది ఒడిశాలో ఆంధ్ర సరిహద్దు ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఇంగ్లీషు. మా ఎనిమిదేళ్ల బాబుకీ, తొమ్మిదో తరగతి పాపకీ కొత్త తెలుగు పుస్తకాలు చెప్పమని ఆమధ్య అడిగాను కదా, సలహాలిచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్ అండీ.

బాబు విషయంలో ప్రథమ్ బుక్స్ వాళ్ల పిల్లల కథల వెబ్‌సైట్ స్టోరీవీవర్ బాగా పనికొచ్చింది. ఉచితం, పైగా కథలు చదివే స్థాయిని బట్టి నాలుగు లెవెల్స్‌గా ఉంటాయి. మాలాంటి సరిహద్దు ఇళ్లకి అసలు లాభం ఏమిటంటే చాలా కథలు ఒడియాలోనూ తెలుగులోనూ దొరుకుతాయి, కాబట్టి వాడు ముందు ఒడియాలో గబగబా చదివేసి, కథ తెలిసిపోయింది గనక తర్వాత తెలుగులో ఒత్తులు, గుణింతాలు కూడబలుక్కుంటూ ధైర్యంగా చదువుతున్నాడు. ఒకటో లెవెల్‌తోనే మొదలుపెట్టండి, వయసు చూసి పెద్దవి ఇవ్వొద్దు.

పాపకి మాత్రం చిన్నపిల్లల బొమ్మల కథలిస్తే చిన్నతనంగా ఉంటుంది. ఆ వయసువాళ్లకి తెలుగులో కొత్తవి తక్కువే, నాకు నిజంగా బాధనిపించే విషయం ఇదే. సాహిత్య అకాడమీ బాల సాహిత్య పురస్కారాల జాబితా పట్టుకుని వెతికాం: 2023లో డి.కె. చదువుల బాబు ‘వజ్రాల వాన’, 2024లో పి. చంద్రశేఖర్ ఆజాద్ నవల ‘మాయాలోకం’, 2025లో గంగిశెట్టి శివకుమార్ ‘కబుర్ల దేవత’. నవల ముందు తెప్పించాం, రోజూ కొంత నేను పైకి చదువుతాను, మిగతాది తను చదువుకుంటుంది.

బరంపురం, రాయగడ వైపు తెలుగు పిల్లల పుస్తకాలు అమ్మే షాపు ఎవరికైనా తెలిస్తే చెప్పండి.