పరీసే, సూటర్ బయౌట్: 2021లో మినెసోటా చేసింది తెలివైన పనా, తొందరపాటా?

ట్విన్‌సిటీస్_తెలుగోడు

ఇక్కడ ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్) చూసేవాళ్లం గుప్పెడుమందిమే అయినా ఈ ఒక్క విషయంలో మాత్రం ఎప్పుడూ రెండు వర్గాలే. ట్రేడ్ వార్తల థ్రెడ్‌లో కొట్టుకుంటుంటే మిగతావాళ్లు విసుక్కుంటున్నారు, అందుకే దీన్ని వేరే పెట్టాను.

తెలియనివాళ్ల కోసం కథ క్లుప్తంగా. 2012 జులై 4న మినెసోటా వైల్డ్ ఒకే రోజు ఇద్దరు పెద్ద ఆటగాళ్లను తెచ్చుకుంది: ఫార్వర్డ్ జాక్ పరీసే, డిఫెన్స్‌మన్ రయన్ సూటర్. ఒక్కొక్కరికి 13 ఏళ్లకు 98 మిలియన్ డాలర్లు. సాలరీ క్యాప్ (టీమ్ జీతాలకు లీగ్ పెట్టిన పరిమితి) లెక్కలో ఏటా ఒక్కొక్కరి పేర 7.54 మిలియన్ పడుతుంది. పైగా ఇద్దరికీ నో మూవ్‌మెంట్ క్లాజ్ ఉంది, అంటే వాళ్లు సరేనంటే తప్ప టీమ్ వాళ్లను ఎక్కడికీ పంపలేదు. తొమ్మిదేళ్లు గడిచాక, 2021 జులై 13న, జనరల్ మేనేజర్ బిల్ గేరిన్ ఇద్దరినీ ఒకేసారి బయౌట్ చేశాడు, అంటే కొంత డబ్బిచ్చి కాంట్రాక్ట్ ముందే తెంచేశాడు. కాంట్రాక్టులో ఇంకా నాలుగేళ్లు మిగిలున్నాయి. కొత్త టీమ్ సియాటిల్ క్రాకెన్ పాత టీమ్‌ల నుంచి ఆటగాళ్లను ఎంచుకునే ఎక్స్‌పాన్షన్ డ్రాఫ్ట్ ఆ నెల 21నే.

నా మాట ఒకటే: అది చేయాల్సిన పని. అప్పటికి ఇద్దరికీ 36 ఏళ్లు. పరీసే ఆ సీజన్‌లో 45 మ్యాచ్‌లు ఆడి 7 గోల్స్ కొట్టాడు. వేగస్‌తో ప్లేఆఫ్ సిరీస్‌లో మొదటి మూడు మ్యాచ్‌లకు అతన్ని జట్టులోకే తీసుకోలేదు. సూటర్ బాగానే ఆడుతున్నాడు, కాదనను. కానీ డ్రాఫ్ట్ రూల్ చూడండి. ఏడుగురు ఫార్వర్డ్‌లు, ముగ్గురు డిఫెన్స్‌మన్, ఒక గోలీ (గోల్‌కీపర్), లేదంటే ఏ స్థానం వాళ్లైనా ఎనిమిది మంది, ఒక గోలీ, ఇంతమందినే కాపాడుకోవాలి. మినెసోటా మొదటి దారే ఎంచుకుంది. నో మూవ్‌మెంట్ క్లాజ్ ఉన్నవాణ్ని తప్పనిసరిగా ఆ లిస్టులో పెట్టాలి. డిఫెన్స్‌లో స్పర్జన్, బ్రోడిన్‌లను వదిలే ప్రశ్నే లేదు. మూడో చోటు సూటర్‌కు పోతే మ్యాట్ డుంబా బయట పడతాడు. సూటర్‌ను తీసేశారు, డుంబా నిలిచాడు, సియాటిల్ కార్సన్ సూసీతో సరిపెట్టుకుంది.

గోలీకుర్చీ

డుంబా నిలిచాడా! ఎన్నాళ్లు? 2023 వేసవిలో కాంట్రాక్ట్ అయిపోయింది, అరిజోనాతో ఒక్క ఏడాదికి 3.9 మిలియన్‌కు సంతకం పెట్టి వెళ్లిపోయాడు. మినెసోటాకు బదులుగా ఒక్క పిక్ (డ్రాఫ్ట్‌లో కొత్త కుర్రాణ్ని ఎంచుకునే అవకాశం) కూడా రాలేదు. రెండు సీజన్ల డుంబా కోసం ఎనిమిదేళ్ల అప్పు నెత్తికెత్తుకున్నారు. సూటరేమో 40 ఏళ్లు వచ్చేదాకా ఈ లీగ్‌లోనే ఆడాడు. డల్లస్ అతనికి ఏడాదికి 3.65 చొప్పున నాలుగేళ్లు ఇచ్చింది. 2023 ప్లేఆఫ్స్ మొదటి రౌండ్‌లో మినెసోటాను ఆరు మ్యాచ్‌ల్లో ఇంటికి పంపింది ఆ డల్లసే. అంటే మన డబ్బు తీసుకుంటూనే మన మీద ఆడి గెలిచాడు. ఇంతకంటే అవమానం ఉంటుందా?

కొత్తగా_చూస్తున్నా

అన్నా, హైదరాబాద్ నుంచి. ఈ మధ్యే చూడటం మొదలుపెట్టాను. ఐపీఎల్‌లో లక్నో, గుజరాత్ వచ్చినప్పుడు పాత టీమ్‌లు నలుగురిని మాత్రమే అట్టిపెట్టుకున్నాయి కదా, మన సన్‌రైజర్స్ రషీద్ ఖాన్‌ను వదిలేస్తే గుజరాత్ 15 కోట్లకు ఎగరేసుకుపోయింది. ఇదీ అలాంటిదేనా? అయినా ఆటగాణ్ని తీసేశాక క్యాప్‌లో అతని పేరు ఎందుకుంటుంది?

ట్విన్‌సిటీస్_తెలుగోడు

కొంతవరకు అంతే తమ్ముడూ. ఐపీఎల్‌లో అప్పుడు అట్టిపెట్టుకోని వాళ్లలోంచి కొత్త టీమ్‌లు ముందే కొందరిని ఎంచుకున్నాయి, మిగతావాళ్లు వేలానికి పోయారు. ఇక్కడ కొత్త టీమ్ ఒక్కో పాత టీమ్ నుంచి ఒక్కణ్నే తీసుకుంటుంది. లిస్టులో లేనివాళ్లలో ఎవరు పోతారో తెలియదు, అదే టెన్షన్. క్యాప్ సంగతి మాస్టారు చెప్పాలి, నేను చెబితే గోలీకుర్చీ గారు తప్పులు వెతుకుతారు.

లెక్కల_మాస్టారు

పిలిచారు కాబట్టి. ఒక్క ఆటగాడి లెక్క చూద్దాం, ఇద్దరిదీ ఒకటే. అంకెలన్నీ మిలియన్లలో.

కాంట్రాక్ట్‌లో మొదటి ఏళ్లలో జీతం ఎక్కువ పెట్టి, చివర్లో బాగా తగ్గించారు. సగటు తగ్గితే క్యాప్ హిట్ (ఏటా క్యాప్‌లో పడే మొత్తం) తగ్గుతుందని అప్పట్లో అందరూ వేసిన ఎత్తు అది. అందుకని 2021 నాటికి నాలుగేళ్లలో చేతికివ్వాల్సింది 10 మాత్రమే: 6, 2, 1, 1. బయౌట్ అంటే అందులో మూడింట రెండు వంతులు, 6.67, మిగిలిన కాలానికి రెట్టింపు ఏళ్లకు సమానంగా పంచి ఇవ్వాలి. ఎనిమిదేళ్లకు ఏటా 0.83. యజమానికి చౌక బేరమే.

కానీ క్యాప్ అంత తేలిగ్గా వదలదు. ఆ ఏడాది జీతంలో ఎంత మిగిలిందో అంతే 7.54 నుంచి కొట్టేస్తారు. మొదటి ఏడు జీతం 6, ఇచ్చింది 0.83, మిగిలింది 5.17. క్యాప్‌లో పడేది 2.37. రెండో ఏడు జీతం 2 కాబట్టి మిగిలింది 1.17, క్యాప్‌లో 6.37. మూడు, నాలుగేళ్లలో జీతం 1 చొప్పునే, మిగిలేది 0.17, క్యాప్‌లో 7.37. ఇద్దరికీ కలిపితే 4.74, 12.74, 14.74, 14.74. ఆ తర్వాత 2028-29 దాకా ఏటా 1.67.

ఉంచుకుని ఉంటే ఏటా 15.08. అంటే బయౌట్‌తో మొదటి ఏడాది 10.3 మిగిలింది, రెండో ఏడాది 2.3. మూడు, నాలుగేళ్లలో ఏడాదికి 0.33. నన్నడిగితే ఈ వాదనంతా ఆ మొదటి ఏడాది దగ్గరే తేలాలి. 10.3 మిలియన్ ఖాళీతో ఏం చేశారన్నదే ప్రశ్న, డుంబా కాదు.

గోలీకుర్చీ

మాస్టారూ, మీ లెక్క నా వైపే ఉంది. 2023-24లో క్యాప్ 83.5. అందులో 14.74 ఆడనివాళ్ల పేర. నూటికి పదిహేడుకు పైనే! మిగతా టీమ్‌లు వందతో ఆడుతుంటే మనం ఎనభై చిల్లరతో ఆడాం. ఆ ఏడాది ప్లేఆఫ్స్‌కే రాలేదు. ఉంచుకుని ఉంటే ఖర్చు 0.33 ఎక్కువ, కనీసం సూటర్ అనే ఒక డిఫెన్స్‌మన్ మంచు మీద ఉండేవాడు.

లెక్కల_మాస్టారు

ఆ రెండేళ్లకు మీ మాట నిజమే. మొదటి ఏడాది ఊసెత్తకుండా చివరి రెండేళ్లే చూపిస్తే ఎలా?

ట్విన్‌సిటీస్_తెలుగోడు

మొదటి ఏడాది నేను చెబుతాను. 2021 సెప్టెంబర్‌లో మన స్టార్ ఫార్వర్డ్ కిరిల్ కప్రిజోవ్‌కు ఐదేళ్లు, ఏడాదికి 9 మిలియన్. పాత కాంట్రాక్ట్ అయిపోయి ఆ వేసవంతా బేరం నడుస్తోంది, రష్యాకు తిరిగి వెళ్లిపోతాడేమోనని పుకార్లు. ఆ 9 ఎక్కడి నుంచి వచ్చిందనుకున్నారు? ఆ సీజన్ 53 విజయాలు, 113 పాయింట్లు, ఈ జట్టు చరిత్రలోనే రికార్డు. సెయింట్ లూయిస్ చేతిలో ఆరు మ్యాచ్‌ల్లో ఓడిపోయారు, అది వేరే బాధ.

ఇంకోటి ఎవరూ మాట్లాడటం లేదు. వీళ్లలో ఎవరైనా కాంట్రాక్ట్ మధ్యలో రిటైర్ అయితే? మొదటి ఏళ్లలో జీతం ఎక్కువ, క్యాప్ హిట్ తక్కువ అయినందుకు టీమ్ అనుభవించిన లాభాన్ని లీగ్ తిరిగి వసూలు చేస్తుంది, రీక్యాప్చర్ అంటారు. 2012లో సంతకాలయ్యాక లాకౌట్ (యజమానులు ఆట ఆపేయడం) వచ్చి, ఆ తర్వాత ఆటగాళ్ల సంఘంతో కుదిరిన కొత్త ఒప్పందంలో పెట్టిన రూల్ అది. తలమీద కత్తి వేలాడుతోంది. ఆ కత్తిని దించేసే దారి బయౌటే. మోకాలో వెన్నో పట్టేసి ఒకడు ఇంటికెళ్తే ఎప్పుడు ఎంత పడుతుందో తెలియని దండన కన్నా, ముందే తెలిసిన 14.74 నయం.

విజయవాడ_వింగర్

మీరంతా 2021 దగ్గరే ఆగిపోయారు. అసలు నష్టం 2017లో జరిగింది, అదీ ఈ రెండు కాంట్రాక్టుల వల్లే.

వేగస్ కొత్త టీమ్‌గా వచ్చినప్పుడు రూల్ ఇదే, అప్పటి మన మేనేజర్ చక్ ఫ్లెచర్. కాపాడుకున్న ముగ్గురు డిఫెన్స్‌మన్: సూటర్, స్పర్జన్, బ్రోడిన్. అప్పుడూ బయట పడ్డది డుంబానే, 22 ఏళ్ల కుర్రాడు. ఫ్లెచర్ బెదిరిపోయాడు. డుంబా జోలికి రావద్దని వేగస్‌తో బేరం పెట్టాడు. ఎరిక్ హౌలాను తీసుకోండి, దానికి తోడు అలెక్స్ టక్‌ను కూడా ఇస్తాం అన్నాడు. టక్ మన మొదటి రౌండ్ పిక్. తిరిగి వచ్చిందేమిటంటే షరతులతో కూడిన ఒక మూడో రౌండ్ పిక్. హౌలా వేగస్‌లో మొదటి సీజన్‌లోనే 29 గోల్స్ కొట్టాడు. టక్‌ను వేగస్ నాలుగేళ్లు ఆడించుకుని, 2021 నవంబర్‌లో బఫలోకు జాక్ ఐకెల్ కోసం ఇచ్చిన ప్యాకేజీలో పెట్టింది. ఐకెల్ ఉన్న వేగస్ 2023లో లీగ్ ట్రోఫీ స్టాన్లీ కప్ గెలిచింది.

ఒక్క క్లాజ్ ఎంత దూరం పోయిందో చూడండి. సూటర్‌కు ఆ క్లాజ్ లేకపోతే 2017లో అతన్ని బయట పెట్టేవాళ్లు, 32 ఏళ్లవాడి ఎనిమిదేళ్ల కాంట్రాక్ట్‌ను ఎవరూ ముట్టుకునేవాళ్లు కాదు. గేరిన్ 2021లో బయౌట్ చేసి కనీసం రెండోసారి ఎవరికీ కప్పం కట్టలేదు. ఆ మేరకు నేను తెలుగోడి గారి వైపే. కానీ ఆయనకు అంత మార్కులు కూడా వేయను. ఈ మంట పెట్టింది 2012లో, అప్పటి సంతకాలకు టౌన్ అంతా పండగ చేసుకుంది.

గోలీకుర్చీ

వింగర్ గారూ, 2017 గురించి మీరు చెప్పింది అక్షరాలా నిజం. కానీ దాన్ని బట్టే 2021లో ఇంకో దారి ఉందని తెలియాలి. క్లాజ్ ఉన్న ఆటగాణ్ని అడిగి, డ్రాఫ్ట్ వరకు దాన్ని వదులుకోమనవచ్చు. మాంట్రియల్ అదే పని చేసింది. వాళ్ల గోలీ కేరీ ప్రైస్ ఒప్పుకున్నాడు, అతన్ని బయట పెట్టి ఇంకో గోలీ జేక్ అలెన్‌ను కాపాడుకున్నారు. ప్రైస్ క్యాప్ హిట్ 10.5, 2026 దాకా. సియాటిల్ ముట్టుకోలేదు. 36 ఏళ్ల సూటర్‌ను, అదీ నాలుగేళ్ల కాంట్రాక్ట్‌తో, వాళ్లు తీసుకుంటారా? తీసుకోరు. డుంబా నిలిచేవాడు, సూటరూ నిలిచేవాడు. పరీసేను ఒక్కణ్నే బయౌట్ చేసి ఉంటే 2023-24లో ఆడనివాళ్ల పేర పడేది 7.37. సగం!

ఇక మన ఫార్వర్డ్ కెవిన్ ఫియాలా. 2021-22లో 85 పాయింట్లు (గోల్స్, అసిస్ట్‌లు కలిపి). ఆ వేసవిలో జీతం పెంచడానికి క్యాప్ లేదు, ఎందుకంటే రెండో ఏడాది 12.74 వచ్చి కూర్చుంది. లాస్ ఏంజెలిస్‌కు ఇచ్చేశారు. వాళ్లు ఏడేళ్లు, ఏడాదికి 7.875 ఇచ్చారు. ఆ అంకెను సూటర్ ఒక్కడి 6.37 పక్కన పెట్టుకుని చూడండి.

ట్విన్‌సిటీస్_తెలుగోడు

ప్రైస్ ఒప్పుకున్నాడు సరే. 2017లో ఒట్టావా తన డిఫెన్స్‌మన్ డియన్ ఫనెఫ్‌ను అడిగింది, అతను కుదరదన్నాడు, ఇంకో డిఫెన్స్‌మన్ మార్క్ మెథోట్ వేగస్‌కు పోయాడు. అందరూ ప్రైస్‌లా ఉండరు. కుటుంబం, ఇల్లు, పిల్లల స్కూల్ అన్నీ ఇక్కడే పెట్టుకున్న మనిషి ఎందుకు రిస్క్ తీసుకోవాలి? పైగా ఒకణ్ని ఉంచి ఒకణ్ని తీసేస్తే డ్రెస్సింగ్ రూమ్ ఎలా ఉంటుంది? ఇద్దరూ కలిసి వచ్చినవాళ్లు.

ఫియాలా పోయాడని ఏడుస్తున్నారు కదా, వచ్చిందేమిటో కూడా చెప్పండి. మొదటి రౌండ్ పిక్‌తో పాటు డిఫెన్స్‌మన్ బ్రాక్ ఫేబర్. మినెసోటా కుర్రాడు, 2024లో ఎనిమిదేళ్లు, ఏడాదికి 8.5 చొప్పున సంతకం. ఆ పిక్‌తో తీసుకున్న లియమ్ ఓగ్రెన్ 2025 డిసెంబర్‌లో స్టార్ డిఫెన్స్‌మన్ క్విన్ హ్యూస్ కోసం వాంకూవర్‌కు ఇచ్చిన ప్యాకేజీలో ఒకడు. ఫియాలాను పోగొట్టుకుని ఒక ఫేబర్, ఒక హ్యూస్‌లో ముక్క. నేనైతే ఈ బేరం రోజూ చేస్తా.

గోలీకుర్చీ

ట్రేడ్ బాగుందని బయౌట్ బాగున్నట్టు కాదు బ్రో. ఇల్లు తగలబడితే ఇన్సూరెన్స్ డబ్బు బాగా వచ్చిందని సంబరపడే రకం వాదన ఇది. ఫియాలా ఉండి, ఫేబర్ లేకుండా ఉంటే ఏమయ్యేదో మీకూ తెలియదు, నాకూ తెలియదు. తెలిసింది ఒకటే: ఆ నాలుగేళ్లలో ఒక్క ప్లేఆఫ్ రౌండ్ కూడా గెలవలేదు. 2022లో సెయింట్ లూయిస్, 2023లో డల్లస్, 2024లో అసలు ప్లేఆఫ్సే లేవు, 2025లో వేగస్.

విజయవాడ_వింగర్

బయౌట్‌కు ముందు మాత్రం ఏం గెలిచారు? ఆ ఇద్దరూ ఉన్న తొమ్మిదేళ్లలో రెండే రెండు రౌండ్లు, 2014లో కొలరాడో మీద, 2015లో సెయింట్ లూయిస్ మీద.

కొత్తగా_చూస్తున్నా

అన్నా ఇంకో డౌట్. ఇప్పుడు కప్రిజోవ్‌కు ఏడాదికి 17 మిలియన్ అని చదివాను. ఎనిమిదేళ్లు, మొత్తం 136. మళ్లీ కొత్త టీమ్‌లు వస్తే ఇదే తలనొప్పి రాదా?

లెక్కల_మాస్టారు

అది 2026-27 నుంచి మొదలు. ఆ ఏడాదికి లీగ్ ప్రకటించిన క్యాప్ 104. నూటికి 16 పైచిలుకు ఒక్కడికే. కానీ క్యాప్ పెరుగుతోంది, తర్వాతి ఏడు 113.5 అన్నారు, అప్పటికి నూటికి 15కు దిగుతుంది. పరీసే, సూటర్ విషయంలో దెబ్బ తగిలింది అక్కడే: కోవిడ్ తర్వాత క్యాప్ 81.5 దగ్గర గడ్డకట్టింది, ఆ తర్వాత కూడా రెండేళ్లు ఏడాదికి ఒక్కో మిలియనే పెరిగింది, సరిగ్గా వీళ్ల అప్పు పెరిగే ఏళ్లలోనే. గోలీకుర్చీ గారు సగమే బయౌట్ చేయాల్సిందంటున్నారు కదా, దాన్నీ లెక్కేశాను. సూటర్ 7.54తో ఉంటే 2021-22లో క్యాప్‌లో 5.17 తగ్గుతుంది. కప్రిజోవ్ 9 ఎక్కించాలంటే ఆ 5.17 కోసం ఇంకెవరినో పంపాలి. ఎవరిని?

గోలీకుర్చీ

డుంబాను. అప్పుడతని క్యాప్ హిట్ 6. ఆ వేసవిలోనే అమ్మేస్తే మంచి పిక్ వచ్చేది, సూటర్ లిస్టులో ఉన్నా గొడవ ఉండేది కాదు, ఎవరినీ బతిమాలాల్సిన పనీ ఉండేది కాదు. రెండేళ్ల తర్వాత ఊరికే పోగొట్టుకున్నారు కదా, నేను మొదటి నుంచీ అంటున్నది అదే.

ట్విన్‌సిటీస్_తెలుగోడు

డ్రాఫ్ట్‌కు వారం ముందు డిఫెన్స్‌మన్‌ను కొనేవాడు ఎవడండీ? కొన్నవాడు కూడా అతన్ని తన లిస్టులో ఒక చోట పెట్టాలి కదా. చోటు ఖాళీ ఉన్న టీమ్ ఏదో ఒక్కటి చెప్పండి, రేపు చదువుతాను. ఇక్కడ అర్ధరాత్రి దాటింది.