‘మచ్చ’ అనాలా, ‘నలుసు’ అనాలా? వీడియో లోపాలకు పేర్లు

ప్రశ్న: వీడియోలో లోపాలను ప్రోగ్రాముతో పట్టించడానికి ముందుగా మనుషుల చేత ఫ్రేములకు లేబుళ్లు పెట్టించాలి. ఆ లేబుళ్లు తెలుగులో కావాలి. పాత ఫిల్ము స్కాన్లలో కనబడే చుక్కలన్నిటికీ ‘మచ్చ’ అని ఒకే మాట పెడితే చాలా? బ్లర్‌కు ‘మసక’ సరిపోతుందా?

జవాబు: ఒకే మాట వద్దండి. కంట్లో పడేది నలుసు, ఒంటి మీద ఉండేది మచ్చ. నలుసు వచ్చి పోతుంది, మచ్చ ఉండిపోతుంది. ప్రోగ్రాముకు కావలసిన తేడా కూడా అదే.

ఫిల్ము మీది దుమ్ము ఒక్క ఫ్రేములోనే ఉంటుంది. సెకనుకు 24 ఫ్రేములైతే సుమారు 42 మిల్లీసెకన్లు. దాన్ని పట్టడానికి వరసగా 3 ఫ్రేములు తీసుకోవాలి. మధ్య ఫ్రేములోని పిక్సెల్ ముందుదానికన్నా, తర్వాతిదానికన్నా బాగా వెలుగుగా గానీ బాగా నల్లగా గానీ ఉండాలి. ముందు, తర్వాతి ఫ్రేముల్లోని పిక్సెళ్లు మాత్రం ఒకదానితో ఒకటి కలవాలి. అప్పుడది నలుసు. అయితే ముందు కదలికను లెక్కగట్టి మూడు ఫ్రేములనూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా అమర్చాలి. ఆ పని ఎగ్గొడితే ఎగిరే పక్షి, వాన చినుకు, తిరిగే ఫ్యాను రెక్క కూడా నలుసుల ఖాతాలో పడతాయి.

కెమెరా సెన్సరులో చచ్చిన పిక్సెల్ మచ్చ. కొన్ని వందల ఫ్రేముల మీద ఒక్కో పిక్సెల్ విలువ ఎంత మారిందో చూస్తే, చుట్టూ ఉన్నవి మారుతుంటాయి, ఇది కదలదు. కెమెరా, దృశ్యం రెండూ కదలని షాట్‌లో ఏ పిక్సెలూ పెద్దగా మారదు కాబట్టి వేర్వేరు షాట్లు కలిపి చూడాలి. గట్టిగా కుదించిన ఫైల్లో పక్క పిక్సెళ్లతో కలిసిపోయి దొరక్కపోవచ్చు. అసలు ఫైలు మీదే పరీక్షించండి.

ఇంకొకరు: గీతను మరిచిపోకండి. ఫిల్ము నిలువుగా నడుస్తుంది కనుక గీతలు ఎక్కువగా నిలువునే పడతాయి, ఎన్నో ఫ్రేముల పాటు దాదాపు అదే చోట సాగుతాయి. ముందు ఫ్రేములోనూ గీత ఉంటుంది కనుక పై 3 ఫ్రేముల పద్ధతికి అది దొరకదు. ఒక్కో నిలువు వరుస వెలుగుకు సగటు తీసి, పక్క వరుసల కంటే సన్నగా పొడుచుకొచ్చినదాన్ని వెతకాలి. కరెంటు స్తంభం, తలుపు అంచు ఇక్కడ మోసం చేస్తాయి. కెమెరా పక్కకు తిరిగితే స్తంభం జరుగుతుంది, గీత జరగదు.

మరొకరు: ‘మసక’తో నాకు పేచీ ఉంది. మసక చీకటి అంటాం, పొగమంచులో మసగ్గా ఉందంటాం. అవి వెలుగు లోపాలు. ఫోకస్ పోతే ‘ఫోకస్ తప్పింది’ అనే రాయండి, అందరికీ తెలిసిన మాటే. కదలిక వల్ల సాగిపోయినదానికి ‘అలుక్కుపోయింది’ బాగుంటుంది. సిరా అలుక్కుపోయినట్టు అందులో ఒక దిక్కు కనిపిస్తుంది.

వెలుగు లోపం, ఫోకస్ తప్పడం, అలుక్కుపోవడం, ఈ మూడింటినీ ‘మసక’ కింద వేస్తే లాప్లాసియన్ వేరియన్స్ లెక్క వాటిని విడదీయలేదు. అది అంచుల పదును కొలుస్తుంది, మూడింటిలోనూ పడిపోతుంది. ఉదాహరణ కోడ్లలో కనబడే 100 అనే హద్దును ఎత్తి పెట్టుకోవద్దు. రిజల్యూషన్ మారితే ఆ అంకె మారిపోతుంది. ఖాళీ గోడ ఎంత పదునుగా ఉన్నా తక్కువే వస్తుంది, గ్రెయిన్ (ఫిల్ము మీది సన్నని గరుకు) ఉన్న ఫ్రేము ఫోకస్ తప్పినా ఎక్కువ వస్తుంది. ఒకే షాట్‌లోని ఫ్రేములను ఒకదానితో ఒకటి పోల్చడమే నమ్మదగ్గది.

అడిగినవారు: కుదింపు ఎక్కువైనప్పుడు వచ్చే చదరాలకు ‘గళ్లు’ అనుకుంటున్నాను. ఒక్కటైతే ‘గడి’.

జవాబు: చక్కటి మాట. ఎంపెగ్-2 అనే వీడియో కుదింపు పద్ధతిలో గడి 8×8 పిక్సెళ్లు. ప్రతి 8వ పిక్సెల్ దగ్గర వెలుగులో వచ్చే తేడాను గడి లోపలి తేడాతో పోల్చాలి. 720 వరుసల వీడియోను 1080కి పెంచి ఉంటే గడి 12 అవుతుంది, 8 దగ్గర వెతికితే సరిగ్గా దొరకదు.

ఆకాశంలో రంగు నున్నగా మారకుండా అంచెలంచెలుగా తెగడానికి ‘చారలు’ కన్నా ‘మెట్లు’ నయం. 8 బిట్లలో 256 స్థాయిలే కనుక రంగు మెట్టు మెట్టుగానే దిగుతుంది. చారలంటే గీతలతో కలగాపులగం అవుతుంది.

ఇంకొకరు: లేబుల్ పెట్టేవారికి ఒక్క ఫ్రేము చూపించి అడగకండి. కదలని బొమ్మలో నలుసుకూ మచ్చకూ తేడా కనబడదు. ముందు 2, తర్వాత 2 కలిపి 5 ఫ్రేములు ఆడించి చూపండి.