స్టార్ కుకీలు ఓవెన్‌లో పాకి బిళ్లల్లా వస్తున్నాయి, ఎక్కడ తేడా?

వేళచ్చేరి వంటిల్లు:
క్రిస్మస్‌కి పిల్లలతో కలిసి అచ్చు కుకీలు చేయాలి. 250 గ్రా. మైదా, 175 గ్రా. సాల్టెడ్ బటర్, 150 గ్రా. పంచదార, ఒక టీస్పూను బేకింగ్ పౌడర్. 28 లీటర్ల ఓటీజీలో 180 డిగ్రీలు, 15 నిమిషాలు. స్టార్ కొసలు పోతున్నాయి, అడుగు మాడుతోంది, పిండి పిల్లల చేతులకి అంటుకుపోతోంది. చెన్నై ఉక్కకా, కొలతలకా?

మైదా డబ్బా:
రెండిటికీనండి. బటర్ 125, పంచదార 100 చాలు. బేకింగ్ పౌడర్ తీసేయండి, ఉబ్బితే అచ్చు చెదిరిపోతుంది. పంచదార మిక్సీలో పొడి చేయాలి, పలుకులుంటే పైన మచ్చలు పడతాయి. బటర్, పంచదార పొడి కలిస్తే చాలు. తెల్లగా నురగలా గిలక్కొడితే గాలి చేరి మళ్లీ ఉబ్బుతుంది. ఒక గుడ్డు పచ్చసొన, ఒక టేబుల్‌స్పూను పాలు, కాస్త వెనిలా. ఉప్పు బటర్‌లోనే ఉంది.

అసలు కిటుకు వరసలో ఉంది. ముద్దని ఫ్రిజ్‌లో పెట్టి తర్వాత ఒత్తితే రాయిలా ఉండి అంచులు పగులుతాయి, మెత్తబడేసరికి మన వంటింట్లో జిగురైపోతుంది. అందుకని కలిపిన వెంటనే రెండు బటర్ పేపర్ల మధ్య 5 మి.మీ. మందాన ఒత్తి, పళ్లెం మీద పరిచి అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. మూడు షీట్లు చేసి ఒక్కొక్కటే బయటికి తీస్తే పిల్లలు తొందరపడక్కర్లేదు. అచ్చుతో కోసిన కుకీల ట్రేని మళ్లీ 10 నిమిషాలు ఫ్రీజర్‌లో పెట్టండి. బటర్ కరిగేలోపే మైదా గట్టిపడాలి, కొసలు నిలిచేది అప్పుడే. పచ్చి పిండి మాత్రం నోట్లో పెట్టుకోనివ్వకండి, గుడ్డు లేకపోయినా సరే, పచ్చి మైదా కూడా మంచిది కాదు.

ఓటీజీ ప్రియ:
మాడేది నల్ల ట్రే వల్ల, కింద రాడ్ దగ్గరగా ఉండటం వల్ల. 170 డిగ్రీలు, రెండు రాడ్లూ, మధ్య అర, 15 నిమిషాలు ప్రీహీట్. మరో ఖాళీ ట్రే ఉంటే కుకీల ట్రే కింద పెట్టండి. 11వ నిమిషం నుంచి చూస్తూ ఉండండి. అంచు లేతగా రంగు మారగానే తీసేయాలి, నడుమ మెత్తగా ఉన్నా చల్లారితే గట్టిపడుతుంది. ఒక ట్రేలో ఒకే సైజువి పెట్టండి. రెండో వాయి వేడి ట్రే మీద వేయొద్దు, ఓవెన్‌లోకి వెళ్లకముందే పాకుతుంది.

వేళచ్చేరి వంటిల్లు:
చాలా థాంక్సండీ. అమ్మమ్మగారు గుడ్డు తినరు, దానికి బదులు? పైన ఐసింగ్ కూడా వేయాలి.

మైదా డబ్బా:
సొన బదులు ఇంకో టేబుల్‌స్పూను పాలు, అదీ ముద్ద కట్టకపోతేనే, చుక్క చుక్కగా. తడి ఎక్కువై పిసికితే కుకీ బిరుసెక్కుతుంది.

ఐసింగ్‌కి 100 గ్రా. ఐసింగ్ షుగర్, మూడు టీస్పూన్ల పాలు, నాలుగు చుక్కల నిమ్మరసం. కుకీలు పూర్తిగా చల్లారాకే వేయండి. వానముసురుంటే ఏసీ గదిలోనో ఫ్యాను కిందో రాత్రంతా ఆరనివ్వాలి. ఫ్రిజ్‌లో పెడితే చెమ్మపట్టి రంగులు కారతాయి. 20న కాల్చి డబ్బాలో బిగించి, 23న ఐసింగ్ వేయడం మేలు. ఈలోగా మెత్తబడితే 150 డిగ్రీల్లో 5 నిమిషాలు వేడిచేసి చల్లార్చండి, కరకరలాడతాయి.