720 కిలోల ట్రాక్ బండి, 350 ఎన్‌ఎం టర్బో: ఏ మాన్యువల్ గేర్‌బాక్స్ పెట్టాలె?

హన్మకొండ ట్రాక్‌బండి
అన్నలూ, ఆటోనగర్‌ల ట్యూబ్ చాసిస్ పని అయిపోయింది. ఇంజిన్ ముందు, డ్రైవ్ వెనుక చక్రాలకు. 2.0 టర్బో పెట్రోల్, టార్క్ (తిప్పే బలం) 350 ఎన్‌ఎం, 7000 ఆర్‌పీఎం దాకా తిరుగుతది. టైర్లు 205/50 ఆర్16, క్రౌన్ (వెనుక ఇరుసు గేరు నిష్పత్తి) 3.73. రోడ్డు మీద నడపను, ట్రెయిలర్ మీద కోయంబత్తూర్ కరి ట్రాక్‌కే తీసుకపోవాలె. ట్రెమెక్ కంపెనీ టీ56 మాగ్నమ్ గేర్‌బాక్స్ పెట్టుమని ఒకరు, మహీంద్రా థార్‌ది చాలని ఇంకొకరు అంటున్నరు. ఏది మంచిది?

పళ్ళచక్రం
తమ్మీ, మాగ్నమ్ 950 ఎన్‌ఎం దాకా మోస్తది నిజమే, కానీ అదొక్కటే 61 కిలోలు. గేర్‌బాక్స్ ఎంత మోస్తదన్నది తర్వాత, ముందుగల టైరు ఎంత పట్టుకుంటదో చూడు. డ్రైవర్‌తో 800 కిలోలు. గట్టిగ లాగినప్పుడు వెనుక ఇరుసు మీద 520 పడుతదనుకో, గ్రిప్ 1.0 అనుకో. రెండు టైర్లు కలిసి జారకుండ మోసేది దాదాపు 1,550 ఎన్‌ఎం.

ఇప్పుడు బోర్గ్‌వార్నర్ టీ5 జెడ్ అనే ఐదు గేర్ల బాక్స్ నిష్పత్తులు చూడు: 2.95, 1.94, 1.34, 1.00, 0.63. క్రౌన్‌తో కలిపితే ఫస్ట్‌ల ఇంజిన్ 141 ఎన్‌ఎం ఇచ్చుడుతోనే టైరు జారుతది. సెకండ్‌ల 214, థర్డ్‌ల 310. నీ 350 మొత్తం భూమికి అందేది ఫోర్త్‌లనే. అందుకే తేలిక బండికి ఫస్ట్ పొడుగ్గ (నిష్పత్తి తక్కువగ) ఉండాలె. థార్‌ది బరువు బండిని గుట్ట ఎక్కించెటందుకు చేసిన ఫస్ట్, ఇక్కడ వేస్తే గేరు పడంగనే అయిపోతది.

టీ5 సుమారు 34 కిలోలే, మోసేది 400 ఎన్‌ఎం పైననే. 1986 ఫోర్డ్ సియెర్రా ఆర్‌ఎస్ కాస్‌వర్త్‌ల 2.0 టర్బో వెనుక ఉన్నది ఇదే టీ5. సెకండ్‌ల 111 కి.మీ., ఫోర్త్‌ల 216 దాకా పోతవు. కరి 2.1 కి.మీ. ట్రాక్, ఫిఫ్త్ అక్కర పడదు.

ఇరుసు లెక్క
లెక్క సరే, కానీ స్లిక్ టైర్లు (గాళ్ళు లేని రేసు టైర్లు) వేస్తే అది మారుతది. గ్రిప్ 1.4 అయితే థర్డ్‌లనే 350 మొత్తం పళ్ళ మీద పడుతది. టీ5ల ముందు పోయేది థర్డే. లోడ్ మీద వంకర పళ్ళు రెండు షాఫ్టులను దూరం నెడతయి, అల్యూమినియం కేసు సాగుతది, పళ్ళు నిండుగ కాకుండ అంచుల మీద తాకి విరుగుతయి. క్లచ్ ఒక్కసారే వదిలితే ఇంకా తొందరగ. స్లిక్ ఆలోచన ఉంటే ట్రెమెక్ వాళ్ళ ఐదు గేర్ల టీకేఎక్స్ తీసుకో: 45 కిలోలు, 813 ఎన్‌ఎం, ఫిఫ్త్ 0.81ది. టీ5 కంటే పదకొండు కిలోలు ఎక్కువైనా ఆ గట్టితనం పనికొస్తది.

హన్మకొండ ట్రాక్‌బండి
స్లిక్‌లు వెయ్య, మామూలు టైర్లే. అంటే టీ5. నూనె, బిగింపు సంగతి చెప్పుండ్రి.

పళ్ళచక్రం
టీ5 జెడ్ వరల్డ్ క్లాస్ రకం, దాంట్ల డెక్స్‌రాన్-3 ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సులల పోసే పల్చటి నూనె), 2.65 లీటర్లు. షాపుల 80డబ్ల్యూ-90 గేర్ ఆయిల్ ఇస్తరు, వద్దను. దీని సింక్రో రింగులకు (గేరు పడేముందు వేగాలు కలిపేవి) పీచు పొర ఉంటది, చిక్కటి నూనెల అది పట్టదు, గేరు గరగరమంటది.

బెల్‌హౌసింగ్ (ఇంజిన్‌కు గేర్‌బాక్స్‌ను కలిపే గుల్ల) మధ్యరంధ్రం క్రాంక్‌కు నేరుగ ఉందో తప్పక చూడాలె. డయల్ గేజ్ ఫ్లైవీల్‌కు బిగించి, సూది రంధ్రం అంచుకు ఆనించి, క్రాంక్ చేత్తో మెల్లగ తిప్పు. పావు తిప్పుకొకసారి ఆపి రాసుకో. సూది మొత్తం కదలిక 0.13 మి.మీ. దాటితే ఆఫ్‌సెట్ డోవెల్ పిన్నులు (బెల్‌హౌసింగ్‌ను కొంచెం పక్కకు జరిపే పిన్నులు) వెయ్యాలె. దాటనిస్తే ఇన్‌పుట్ షాఫ్ట్ ప్రతి చుట్టుకు పక్కకు వంగుతది, గేర్లు జారుతయి, బేరింగ్ మోగుతది. గేర్‌బాక్స్ చేత్తోనే చివరిదాకా పోవాలె, బోల్టులతో గుంజితే పైలట్ బేరింగ్ (క్రాంక్ చివర ఇన్‌పుట్ షాఫ్ట్ కొనను పట్టుకునేది) పగులుతది. క్లచ్ ప్లేట్ స్ప్రింగులున్నదే తీసుకో, స్ప్రింగుల్లేని పక్ ప్లేటు కొట్టే దెబ్బ నేరుగ థర్డ్ మీదనే పడుతది.